మాజీ సైనికుల చదువు సాయం, ఆరోగ్యం: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మన రెండు జిల్లాల్లో సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో డిశ్చార్జి బుక్కు, పిల్లల మార్కుల జాబితాలు, ఆస్పత్రి చీటీలు సాధారణంగా ఒకే ట్రంకుపెట్టెలో ఉంటాయి. సాయం అడగడానికి బయలుదేరినప్పుడు మాత్రం వాటిని విడదీసి, చదువు కాగితాలు ఒక కార్యాలయానికి, వైద్యం కాగితాలు మరో చోటికి పట్టుకెళ్తాం. నేను ఒక జవాను కూతురిని. కొన్నేళ్లుగా మా చుట్టుపక్కల ఊళ్ల మాజీ సైనికులకు దరఖాస్తులు నింపిపెడుతున్నాను. చదువు సాయం అందినా ఆరోగ్యం బాగులేక వదులుకున్నవారిని, వైద్యం అందినా చదువు లేక ఒంటికి సరిపడని పనుల్లో చిక్కుకున్నవారిని చూశాక, ఈ రెండింటినీ కలిపి చెప్పాలనిపించి ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చాను.

చదువు సాయానికీ మాజీ సైనికుడి ఆరోగ్యానికీ సంబంధం ఏమిటి?

జవాన్లలో చాలామంది ముప్పై అయిదు, నలభై అయిదేళ్ల మధ్యలోనే ఇంటికి వచ్చేస్తారు. సరిగ్గా అప్పుడే పిల్లలు పెద్ద చదువులకు ఎదుగుతుంటారు, తల్లిదండ్రులు మంచాన పడే వయసుకు వస్తుంటారు. పింఛను ఒక్కటే చాలక విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర, ఏటీఎం దగ్గర కాపలా పనికి కుదురుతారు. అది తరచుగా పన్నెండు గంటల రాత్రి డ్యూటీ. పదిహేను, ఇరవై ఏళ్లపాటు తెల్లవారుజామున లేచి పరుగెత్తిన శరీరం ఒక్కసారిగా ప్లాస్టిక్ కుర్చీకి పరిమితమవుతుంది. తిండి మాత్రం పాత కొలతలోనే సాగుతుంది. పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటి రాదు. రెండు మూడేళ్లలో బరువు, రక్తపోటు, షుగరు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి.

ఇక్కడే చదువు వైద్యానికి దగ్గరవుతుంది. ఒక కోర్సు పూర్తిచేసి పగటి పూట ఉద్యోగంలో చేరిన మనిషికి వేళకు నిద్ర, వేళకు భోజనం, పక్కన కూర్చుని మాట్లాడే మనుషులు తిరిగి దక్కుతారు. వీటిని ఏ మందుల చీటీ మీదా రాయరు గానీ, పదవీ విరమణ తర్వాత మనిషిని నిలబెట్టేవి అవేనని నేను చూసినంతలో నమ్ముతున్నాను. సంబంధం రెండో వైపు నుంచి కూడా ఉంది. వినికిడి తగ్గినా, నడుము నొప్పి ఉన్నా, నిద్ర పట్టకపోయినా ఎంత మంచి కోర్సైనా సగంలో ఆగిపోతుంది. అందువల్ల కోర్సులో చేరే ముందు ఒకసారి మాజీ సైనికుల ఆరోగ్య పథకం నడిపే పాలీక్లినిక్కుకు వెళ్లి బీపీ, షుగరు, కళ్లు, చెవులు చూపించుకోమని అడిగిన ప్రతివారికీ చెబుతాను.

నాకే చదువుకోవాలని ఉంది. నా పిల్లలకు కాకుండా, నాకు దొరికే సాయం ఏమిటి?

మన దేశంలో మాజీ సైనికులకు ఇచ్చే విద్యా సాయంలో ఎక్కువ భాగం పిల్లలకు, వితంతువులకు వెళుతుంది. సైనికుడి సొంత చదువుకు ఉన్న దారులు తక్కువ. ఉన్నవాటిని వదులుకోకూడదు.

మొదటిది, సర్వీసు ముగిసే ముందు పునరావాస డైరెక్టరేట్ జనరల్ ద్వారా దొరికే శిక్షణ. జేసీవోలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు), వారికి కింది ర్యాంకుల జవాన్లకు గరిష్ఠంగా 24 వారాల కోర్సులు ఉంటాయి. ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముడో బావమరిదో ఉంటే ఈ సంగతి ఇప్పుడే చెప్పండి. చాలామందికి ఇంటికి వచ్చాకే తెలుస్తోంది. రెండోది, పదో తరగతి పాసై పదిహేనేళ్లకు తక్కువ కాకుండా సర్వీసు చేసినవారికి, డిగ్రీ అర్హతగా ఉన్న కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకునే వెసులుబాటు. అయితే సాంకేతిక విద్య తప్పనిసరి అయిన ఉద్యోగాలకు ఇది పనికిరాదు. పై చదువులకు వెళ్లాలంటే అసలైన డిగ్రీ కావలసిందే. మూడోది దూరవిద్య. ఇగ్నోకు, అంటే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇంటి నుంచే చదువుకునే వీలుండటం మోకాళ్ల నొప్పులవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి పెద్ద ఊరట.

క్లాసులో కూర్చుంటే ఏమీ బుర్రకెక్కడం లేదు. ఈ వయసులో ఇక చదువు రాదనుకోవాలా?

అలా అనుకునే ముందు చెవులు, కళ్లు, నిద్ర, ఈ మూడింటినీ పరీక్ష చేయించుకోవాలి.

చీపురుపల్లి వైపు నుంచి వచ్చే నాయక్ ర్యాంకులో దిగిపోయిన ఒక మాజీ సైనికుడి సంగతి చెబుతాను. ఆయన ఫిరంగి దళంలో పనిచేశారు. కంప్యూటరు కోర్సులో చేరి, మూడో వారానికే "ఇక మన వల్ల కాదమ్మా, చిన్నపిల్లలు టకటకా చేసేస్తున్నారు" అని మానేశారు. పింఛను కాగితం పని మీద మా ఇంటికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నప్పుడు గమనించాను: నేను మాట్లాడిన ప్రతిసారీ ఆయన తల కొంచెం తిప్పి కుడి చెవిని నా వైపు పెడుతున్నారు. నేను కాగితం మీదికి వంగి ఏదైనా అడిగితే జవాబు లేదు. తల ఎత్తి అడిగితే వెంటనే చెబుతున్నారు. అంటే ఆయన నా పెదవులను చూసి మాట పోల్చుకుంటున్నారు. క్లాసులో బోధించే అబ్బాయి బోర్డు వైపు తిరిగి మాట్లాడతాడు, పైన ఫ్యాను తిరుగుతుంటుంది. ఈయన వెనుక బల్ల మీద, సరిగా వినబడని ఎడమ చెవిని ఆ అబ్బాయి వైపు పెట్టుకుని కూర్చున్నారు. ఆయనకు రానిది చదువు కాదు, మాట వినబడటమే.

పెద్ద శబ్దాల వల్ల వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు. మాట వినబడుతుంది గానీ అక్షరాలు విడివిడిగా తెలియవు. అందుకే రోగి తనకు చెవుడు ఉందని ఒప్పుకోడు, ఎదుటివారు గొణుగుతున్నారంటాడు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం, అంటే అందరూ ఈసీహెచ్‌ఎస్ అని పిలిచేదాని కింద, చెవి నిపుణుడి సిఫారసు మీద వినికిడి యంత్రం పొందవచ్చు. ఆ నాయక్ గారు యంత్రం పెట్టుకుని, ముందు వరుసలో కూర్చుని అదే కోర్సును మళ్లీ చేశారు. యంత్రానికి అలవాటు పడటానికి ఆయనకు నెల పైనే పట్టింది. ఆ నెలంతా చికాకు పడ్డారని వాళ్లావిడ చెప్పారు. కాబట్టి యంత్రం వచ్చిన మర్నాడే క్లాసుకు వెళ్లకుండా కొంత గడువు ఇచ్చుకోవడం మంచిది.

రాత్రుళ్లు నిద్ర పట్టదు, పాత సంగతులు కలల్లోకి వస్తాయి, పుస్తకం ముందు నిలవలేకపోతున్నాను. ఎవరికి చెప్పుకోవాలి?

ముందుగా, ఇది పిరికితనం కాదు. కాల్పులు చూసినవారికి, పక్కనున్న మనిషిని పోగొట్టుకున్నవారికి ఏళ్ల తర్వాత కూడా ఉలికిపాటు, కోపం, నిద్రలేమి, ఏకాగ్రత కుదరకపోవడం ఉండవచ్చు; దానికి పేరూ ఉంది, చికిత్సా ఉంది. పాలీక్లినిక్కులో వైద్యాధికారికి విషయం చెబితే మానసిక వైద్య నిపుణుడి దగ్గరకు పంపుతారు. అంతదూరం వెళ్లడానికి మనసొప్పకపోతే, 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దానికి డబ్బు కట్టనక్కరలేదు.

మన వైపు మగవారు ఇలాంటి మాట బయటపెట్టరు, సాయంత్రం గ్లాసుతో సర్దుకుంటారు. మందు తాగిన రాత్రి తొందరగా కన్ను మూతపడుతుంది, కానీ నడిరేయి మెలకువ వస్తుంది. మర్నాటి చదువూ పోతుంది. ఇంట్లోవారికి నా విన్నపం ఏమిటంటే, ఆయన పుస్తకం మూసేశారని విసుక్కోవడానికి ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో అడగండి.

వైకల్య పింఛను వస్తోంది. చదువుకుంటే అది తగ్గిస్తారా? పరీక్షల్లో నాకు ఏమైనా వెసులుబాటు ఉందా?

చదువుకోవడం వల్ల వైకల్య పింఛను తగ్గదు. వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా, ఎంత శాతం అన్నది సైనిక వైద్య బోర్డు తేల్చే విషయం. మీ మార్కుల జాబితాతో దానికి పని లేదు. ఈ భయంతోనే చదువు మానుకున్నవారు నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పరీక్షల సంగతి వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, గరిష్ఠ వయసులో అయిదేళ్ల సడలింపు ఉన్నాయి. అర్హులైనవారికి రాసిపెట్టే సహాయకుడిని, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్ని ఇస్తారు. మూడు గంటల పరీక్షకు అది ఒక పూర్తి గంట. అయితే దీనికి మిలటరీ వైద్య బోర్డు కాగితం ఒక్కటే సరిపోతుందనుకుని చాలామంది పరీక్ష ముందురోజు ఇబ్బంది పడుతున్నారు. వైకల్యాన్ని తేల్చే సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని రాష్ట్ర ధ్రువపత్రాన్ని, దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డును కోర్సులో చేరక ముందే తీసుకోండి. సదరం స్లాటు దొరకడానికే వారాలు పట్టవచ్చు.

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు భయం ఉన్నచోట చదువు గురించి ఆలోచించగలమా?

తప్పకుండా ఆలోచించాలి, ఇంకొంచెం జాగ్రత్తగా. ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో షుగరు, బీపీ లేనివారికి కూడా మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదేనని ఒక్కదాన్ని చూపించలేకపోయారు. ఈ జబ్బు చాలాకాలం బయటపడదు. ఉద్దానం మాజీ సైనికుడు ఏడాదికొకసారైనా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను పరీక్షలు చేయించుకోవాలి.

ఇందులో మిలటరీవారికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. బరువులు మోసి, కొండలెక్కి వచ్చిన నడుములకు, మోకాళ్లకు నొప్పులు సహజం. చదువుకు గంటల తరబడి కూర్చుంటే అవి పెరుగుతాయి, అప్పుడు మందుల షాపులో అడిగి నొప్పి మాత్ర వేసుకుంటాం. అలా రోజూ వేసుకునే నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు. అప్పటికే అవి బలహీనపడిన మనిషికి ఆ చేటు మరింత ఎక్కువ. డాక్టరుకు "మాది ఉద్దానం" అని ముందే చెప్పండి, ఆ ఒక్క మాటతో ఆయన రాసే మందు మారవచ్చు. ప్రతి ముప్పావుగంటకు లేచి నాలుగు అడుగులు వేయడం మాత్రకంటే మేలు.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ టెక్నీషియన్, నర్సింగ్, ల్యాబ్ కోర్సులు చదివే పిల్లలకు పని ఊరి దగ్గరలోనే ఉంటుందని ఇప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు.

పిల్లల చదువుకు ఏ సాయాలు ఉన్నాయి? వాటికి మా ఆరోగ్యంతో పనేమిటి?

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం 2006-07 నుంచి ఉంది. ఇంటర్ వంటి అర్హత పరీక్షలో 60 శాతం మార్కులతో, బీటెక్, ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మసీ, బీఈడీ వంటి వృత్తివిద్యా కోర్సు మొదటి సంవత్సరంలో చేరిన మాజీ సైనికుల పిల్లలు, వితంతువులు దీనికి అర్హులు. ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500 రూపాయలు ఇస్తారు. ఏటా 5,500 మందికి ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకు. సైన్యంలో ప్రాణాలు కోల్పోయినవారి, వికలాంగులైనవారి పిల్లలకు ప్రాధాన్యం. రెన్యువలుకు ప్రతి ఏడాదీ కనీసం 50 శాతం మార్కులతో పాస్ కావాలి. తండ్రి ఆస్పత్రిలో ఉండగా పరీక్షలు రాసి తప్పిన పిల్లలు స్కాలర్‌షిప్పును కూడా పోగొట్టుకునేది ఇక్కడే.

హవల్దారు, అంతకంటే తక్కువ ర్యాంకు వారి పిల్లలు ఇద్దరికి ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా రక్షణ మంత్రి సంక్షేమ నిధి నుంచి విద్యా గ్రాంటు వస్తుంది. నెలకు 1,000 ఉన్న ఆ మొత్తాన్ని 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 2,000 రూపాయలు చేశారు. సైనిక చర్యల్లో ప్రాణాలు కోల్పోయిన, గల్లంతైన, వికలాంగులైన సైనికుల పిల్లలకు ట్యూషన్, హాస్టల్ ఫీజులు డిగ్రీ దాకా ప్రభుత్వమే భరిస్తుంది; దానిపై 2017లో పెట్టిన నెలకు 10,000 రూపాయల పరిమితిని 2018 మార్చిలో ఎత్తేశారు.

ఇక ఆరోగ్యంతో పని. ఇంట్లో ఫీజు కట్టాల్సిన నెల వస్తే పెద్దాయన మొదట ఆపేది తన మందులనే. పాలీక్లినిక్కులో ఒక మందు లేదంటే, "వచ్చే నెల చూద్దాంలే" అని బయట కొనకుండా వచ్చేస్తారు. పిల్లకు స్కాలర్‌షిప్పు వచ్చిన ఇళ్లలో ఆ మాట వినబడటం తగ్గింది.

కొడుకు ఎంటెక్ చదువుతున్నాడు. 25 నిండాయి. ఈసీహెచ్‌ఎస్ కార్డు కొనసాగుతుందా?

కొనసాగదు. కొడుకుకు 25 ఏళ్లు నిండడం, ఉద్యోగం రావడం, పెళ్లి కావడం, వీటిలో ఏది ముందైతే దానితో అర్హత ముగుస్తుంది. చదువు ఇంకా సాగుతోందన్నది లెక్కలోకి రాదు. కూతురికి వయసు పరిమితి లేదు, సంపాదన మొదలయ్యే వరకో పెళ్లి అయ్యే వరకో ఉంటుంది. శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు జీవితాంతం వర్తిస్తుంది. కాబట్టి కొడుకు 25వ పుట్టినరోజుకు ముందే పంటి పని, కంటి పరీక్ష, వాయిదా వేసిన చిన్న శస్త్రచికిత్స ఏదైనా ఉంటే పూర్తి చేయించండి. ఆ తర్వాతకు ఆరోగ్య బీమా గానీ, కుటుంబానికి అర్హత ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ గానీ ముందే చూసుకోవాలి.

అమ్మాయి వేరే ఊళ్లో హాస్టల్లో ఉంది. అక్కడ జబ్బుపడితే?

కార్డు అమ్మాయి దగ్గరే ఉండాలి. నాన్న బీరువాలో ఉంటే లాభం లేదు. దేశంలో ఏ పాలీక్లినిక్కులోనైనా చూపించుకోవచ్చు. అత్యవసరమైతే దగ్గర్లోని ఏ ఆస్పత్రికైనా తీసుకెళ్లవచ్చు. అది పథకం జాబితాలో లేని ఆస్పత్రి అయితే 48 గంటల్లోగా దగ్గరి పాలీక్లినిక్కుకు తెలియజేయాలి. హాస్టలు వార్డెనుకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

మా ఆయన పోయారు. నాకు నలభై రెండేళ్లు. నేను చదువుకోవచ్చా?

చదువుకోవచ్చమ్మా. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పుకు వితంతువులూ అర్హులే. పైన చెప్పిన సంక్షేమ నిధి గ్రాంటు రెండేళ్ల పీజీ చదివే వితంతువుకూ వస్తుంది. మీ ఈసీహెచ్‌ఎస్ సభ్యత్వం కూడా కొనసాగుతుంది, కార్డులో వివరాలు మార్పించుకోవాలి. భర్త పోయిన ఏడాదిలో ఆడవారు తమ ఒంటి సంగతి పూర్తిగా మరచిపోవడం నేను చూశాను. నెల్లిమర్ల దగ్గర ఒకావిడ బీఈడీ ఫారం నింపించుకోవడానికి వచ్చి, మెట్లెక్కేసరికి ఆయాసపడి కూర్చుండిపోయారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ చాలా తక్కువగా తేలింది. ఫారం గడువు ఇంకా పది రోజులుంది గనుక ముందు ఆమెను ఆస్పత్రికే పంపాను.

కోరుకొండ సైనిక్ స్కూల్లో మాకు కోటా ఉందా?

ఉంది. సర్వీసులో ఉన్నవారి, మాజీ సైనికుల పిల్లలకు సైనిక్ స్కూళ్లలో 25 శాతం సీట్లు కేటాయిస్తారు. విజయనగరం రాజుల ప్యాలెస్‌లో 1962లో మొదలైన కోరుకొండ స్కూలుకు ఆరు, తొమ్మిది తరగతుల్లో అఖిల భారత ప్రవేశ పరీక్ష ద్వారా చేరుతారు. ఇప్పుడు ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు. రాతపరీక్ష పాసైనా వైద్య పరీక్షలో నెగ్గాలి. కోచింగుకు పంపే ముందే పిల్లవాడి కళ్లు, చెవులు, పళ్లు చూపించండి.

మా అబ్బాయి అగ్నివీర్. అతనికీ ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తించవు, ఇది ఇప్పుడే తెలుసుకోవాలి. 2022లో వచ్చిన అగ్నిపథ్ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల తర్వాత బయటికి వచ్చేవారికి పింఛను, మాజీ సైనికుడి హోదా, ఈసీహెచ్‌ఎస్ లేవు. చేతికి వచ్చేది సుమారు 11.71 లక్షల సేవానిధి. చదువు వైపు మాత్రం మంచి ఏర్పాటు ఉంది: సైన్యంలో పొందిన శిక్షణను సగం క్రెడిట్లుగా లెక్కించి ఇగ్నో డిగ్రీ ఇస్తుంది, పదో తరగతితో చేరినవారు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పన్నెండో తరగతి పూర్తిచేయవచ్చు.

సర్వీసు వల్ల వైకల్యం వస్తే శాతాన్ని బట్టి 15, 25 లేదా 44 లక్షల రూపాయలు ఒకేసారి ఇస్తారు. అందుచేత బయటికి వచ్చే ముందు జరిగే వైద్య పరీక్షలో చిన్న దెబ్బనైనా, చెవిలో హోరునైనా దాచకుండా రాయించుకోవాలి. ఇరవై రెండేళ్ల కుర్రవాడు నొప్పి ఉన్నా బాగున్నాననే చెబుతాడు. సేవానిధి అందగానే ఆరోగ్య బీమా కొనిపించండి. ఇల్లు, బండి తర్వాత చూసుకోవచ్చు.

అమెరికాలో సైనికుడి చదువు ఖర్చంతా ప్రభుత్వమే పెట్టుకుంటుందట, నిజమేనా?

చాలావరకు నిజం. అక్కడ 1944లో చేసిన చట్టంతో రెండో ప్రపంచయుద్ధం నుంచి వచ్చిన 78 లక్షల మంది చదువో శిక్షణో పొందారు. 2008 చట్టం కింద అర్హులకు 36 నెలల ఫీజు, ఇంటి అద్దె భత్యం అందుతాయి. సర్వీసులో వైకల్యం వచ్చినవారికి శిక్షణ, ఉద్యోగ పునరావాసాలకు విడిగా మరో పథకం ఉంది. గాయపడిన మనిషికి చికిత్సతోపాటు చదువును కూడా పునరావాసంలో భాగంగా చూసే ఆ పద్ధతి మనకూ రావాలని నేను కోరుకుంటాను.

మాది రాజాం. అన్ని కాగితాల మీదా శ్రీకాకుళం అని ఉంది. ఎక్కడికి వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. ముందుగా ఆధార్‌లో చిరునామా సరిచేయించుకుని, మీ పాత నమోదు ఏ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉందో అక్కడే మొదట అడగండి. డిశ్చార్జి బుక్కు, పీపీవో (పింఛను మంజూరు పత్రం), మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, ఈసీహెచ్‌ఎస్ కార్డు, పిల్లల పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం అసలు ప్రతులు, రెండేసి జెరాక్సులు తీసుకెళ్లాలి. డిశ్చార్జి బుక్కులో భార్యాపిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఉన్న పేజీని ఇంట్లోనే ఆధార్‌తో పోల్చి చూడండి. ఎన్నో ఏళ్ల క్రితం యూనిట్ క్లర్కు హిందీలో విని ఇంగ్లిషులో రాసుకున్న పేరు అది. "అప్పలనరసమ్మ" అక్కడ వేరే మనిషై ఉంటుంది. ఆ ఒక్క తేడాతో స్కాలర్‌షిప్పు, ఆరోగ్య కార్డు రెండూ ఆగిపోతాయి. దాన్ని సరిచేయడానికి సర్వీసు కాగితాలు ఉండే సైనిక రికార్డు ఆఫీసుకు రాయాలి, నెలలు పడుతుంది. అందుకే అడ్మిషన్ల కాలం దాకా ఆగకుండా సంక్రాంతి వెళ్లగానే ఆ ఉత్తరం పంపండి.